డాలీగంజ్ సిగ్నల్, దలాల్ స్ట్రీట్ లెక్క: ప్రభుత్వ వ్యయం మీద నిలిచిన టెక్ సంస్థ విలువ ఎంత?

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీ విజయపురంలో, అంటే 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా వ్యవహరించిన నగరంలో, డాలీగంజ్ ఒక ప్రాంతం. చెన్నైలో ప్రధాన కార్యాలయం ఉన్న జాతీయ సముద్ర సాంకేతిక సంస్థకు ఇక్కడ ఒక కేంద్రం ఉంది. ఈ దీవుల్లో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ప్రతి వంద మందిలో దాదాపు 13 మందికి తెలుగు మాతృభాష. వారిలో ఎక్కువ కుటుంబాల మూలాలు ఉత్తరాంధ్ర తీరంలో ఉన్నాయి.

2020 ఆగస్టుకు ముందు డాలీగంజ్ నుంచి శ్రీకాకుళానికి వీడియో కాల్ చేయాలంటే సంకేతం ఉపగ్రహం దాకా వెళ్లి రావలసిందే. ఉపగ్రహ సామర్థ్యం ఖరీదైనది, పరిమితమైనది. అందువల్ల ప్రధాన భూభాగంలో 4జీ సాధారణమైపోయిన తరువాత కూడా దీవుల్లో అంతర్జాలం నత్తనడకనే సాగింది. చెన్నై నుంచి సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ రావడంతో ఈ పరిస్థితి మారింది. ఆ కేబుల్‌ను ఏ ప్రైవేటు సంస్థా లాభం కోసం వేయలేదు. అది పూర్తిగా ప్రభుత్వ ధనంతో వచ్చింది.

ఒక దీవిలో సిగ్నల్ వస్తుందా రాదా అన్నదీ, ముంబయి మార్కెట్‌లో ఒక టెలికాం పరికరాల సంస్థ షేరు పెరుగుతుందా తగ్గుతుందా అన్నదీ వేర్వేరు ప్రశ్నలుగా కనిపిస్తాయి. గత ఐదారేళ్ల పరిణామాలను చూస్తే రెండింటికీ సమాధానం ఒకే చోట, కేంద్ర బడ్జెట్ పద్దుల్లో ఉన్నట్లు తెలుస్తుంది.

ఆరేళ్లు పట్టిన కేబుల్

దీవులకు సముద్రగర్భ కేబుల్ అవసరమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 జులైలో సిఫారసు చేసింది. కేంద్ర మంత్రివర్గం 2016 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. అప్పటి అంచనా వ్యయం సుమారు రూ.1,102 కోట్లు. అందులో ఐదేళ్ల నిర్వహణ ఖర్చు కూడా కలిసి ఉంది. 2018 డిసెంబరు నాటికి పని పూర్తి కావాలన్నది లక్ష్యం. అయితే కేబుల్ వేసే గుత్తాధికారం జపాన్‌కు చెందిన ఎన్ఈసీ సంస్థ భారతీయ విభాగానికి దక్కిందే 2018 జులైలో. లక్ష్యంగా పెట్టుకున్న 2018 డిసెంబరులో జరిగింది శంకుస్థాపన మాత్రమే. ఆ నెల 30న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ పోర్ట్ బ్లెయిర్‌లో శంకుస్థాపన చేశారు. 2020 ఆగస్టు 10న ఆయనే దృశ్య మాధ్యమం ద్వారా కేబుల్‌ను ప్రారంభించారు.

తుది వ్యయం సుమారు రూ.1,224 కోట్లు, పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. చెన్నై, పోర్ట్ బ్లెయిర్‌ల మధ్య సెకనుకు 200 గిగాబిట్ల సామర్థ్యం గల రెండు మార్గాలు, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌లకు 100 గిగాబిట్ల మార్గాలు ఏర్పడ్డాయి. సిఫారసు నుంచి సేవ దాకా ఆరేళ్లు గడిచాయి. సముద్రంలో కేబుల్ పరచడానికి పట్టిన కాలం కంటే కాగితాల మీద గడిచిన కాలమే ఎక్కువ. ప్రభుత్వ ఆర్డర్లను నమ్ముకున్న సంస్థలో డబ్బు పెట్టేవారు గుర్తుంచుకోవలసిన మొదటి అంశం ఇదే. ఆమోదం ప్రకటించిన రోజుకూ, ఆదాయం ఖాతాలో చేరే రోజుకూ మధ్య ఎంత దూరం ఉంటుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

కేబుల్‌కు నిధులు సమకూర్చినది సార్వత్రిక సేవా నిధి. మార్కెట్ తనంతట తాను వెళ్లని చోట్లకు టెలిఫోన్ సేవలను తీసుకెళ్లడానికి 2002లో ఇది ఏర్పడింది. 2003 చట్ట సవరణతో చట్టబద్ధత పొందింది. టెలికాం సంస్థలు తమ సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో 5 శాతాన్ని ఈ లెవీగా చెల్లిస్తాయి. 2023 టెలికాం చట్టం తరువాత ఈ నిధి డిజిటల్ భారత్ నిధిగా మారింది.

సామాన్య పాఠకుడు సాధారణంగా గమనించని విషయం ఒకటి ఇక్కడ ఉంది. వసూలైన లెవీ నేరుగా ఒక ప్రత్యేక ఖజానాలో చేరదు. మొదట అది భారత సంచిత నిధికి వెళుతుంది. అందులోంచి ఏ సంవత్సరం ఎంత తీసి ఖర్చు చేయాలో పార్లమెంటు ఆమోదించాలి. అంటే దీవిలోని టవరుకు కావలసిన డబ్బు టెలికాం వినియోగదారుల బిల్లుల్లోంచే వసూలైనా, రోడ్లు, ఎరువుల సబ్సిడీ, రక్షణ రంగాలతో పాటు ఆర్థిక మంత్రిత్వ శాఖ ముందు వరుసలో నిలబడవలసిందే. వసూలైనంతగా ఖర్చు చేయడం లేదన్న విమర్శ ఏళ్లుగా ఉంది.

కేబుల్‌ను అమలు చేసినది ప్రభుత్వ రంగ సంస్థ బీఎస్‌ఎన్‌ఎల్. విచిత్రమేమిటంటే కేబుల్ ప్రారంభమైన రోజునే దాని మీద వేగవంతమైన 4జీ సేవలను మొదలుపెట్టినది ప్రైవేటు సంస్థ ఎయిర్‌టెల్. కేబుల్ వేసిన బీఎస్‌ఎన్‌ఎల్‌కు అప్పటికి దేశవ్యాప్త 4జీ జాలమే లేదు. 2020 మార్చిలో అది పిలిచిన 4జీ టెండరు అదే ఏడాది జులైలో రద్దయింది. నిబంధనలు విదేశీ సంస్థలకు అనుకూలంగా ఉన్నాయని దేశీయ తయారీదారులు ఫిర్యాదు చేయడం, గల్వాన్ ఘర్షణ తరువాత చైనా పరికరాల మీద వ్యతిరేకత పెరగడం అందుకు నేపథ్యం.

ఆ రద్దుతో ఒక ప్రభుత్వ సంస్థ వినియోగదారులు మరికొన్నేళ్లు 3జీతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. అదే రద్దు బెంగళూరులోని ఒక మధ్యస్థాయి సంస్థకు ఊహించని ద్వారం తెరిచింది.

తేజస్ నెట్‌వర్క్స్: రూ.922 కోట్ల నుంచి రూ.8,923 కోట్లకు

తేజస్ నెట్‌వర్క్స్ 2000లో బెంగళూరులో ఆరంభమైంది. ఆప్టికల్ ఫైబర్ జాలాలకు కావలసిన ప్రసార పరికరాలు దాని మొదటి ఉత్పత్తులు. 2017 జూన్‌లో రూ.257 ధరకు తొలి పబ్లిక్ ఇష్యూ జారీ చేసింది. గ్రామ పంచాయతీలను ఫైబర్‌తో అనుసంధానించే భారత్‌నెట్ పథకం అప్పట్లో దానికి పెద్ద ఆశ. ఆ పథకానికి చెందిన ఆర్డర్లు మందగించి, ప్రభుత్వ రంగం నుంచి రావలసిన బకాయిలు పేరుకుపోయేసరికి 2019-20లో ఆదాయం అంతకు ముందు ఏడాదితో పోలిస్తే సగానికి దిగువన పడింది. సంస్థ నష్టాల్లోకి వెళ్లింది. నేటి చర్చలో చాలామంది మరచిపోతున్న అనుభవం ఇది.

2021 జులైలో టాటా సన్స్ తన అనుబంధ సంస్థ పానటోన్ ఫిన్‌వెస్ట్ ద్వారా తేజస్‌లో నియంత్రణ వాటా కొనుగోలుకు ఒప్పందం చేసుకుంది. అప్పటికి బీఎస్‌ఎన్‌ఎల్ 4జీకి దేశీయ సాంకేతికతనే వాడాలన్న ప్రభుత్వ నిర్ణయం స్పష్టమైంది. జాలం కేంద్ర భాగాన్ని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాట్, టవర్ల మీది రేడియో పరికరాలను తేజస్ సమకూర్చాలి. మొత్తాన్ని కలిపి నడిపించే బాధ్యత టీసీఎస్‌ది. 2023 మేలో టీసీఎస్ కూటమికి రూ.15,000 కోట్లకు పైగా విలువైన ముందస్తు కొనుగోలు ఆర్డరు లభించింది. ఆగస్టులో అందులోంచి రూ.7,492 కోట్ల ఆర్డరు తేజస్‌కు చేరింది. లక్ష టవర్లకు పరికరాలు సరఫరా చేయాలి.

ఆ తరువాతి అంకెలు నాటకీయంగా మారాయి. 2022-23లో సుమారు రూ.922 కోట్లుగా ఉన్న ఆదాయం 2023-24లో రూ.2,471 కోట్లకు, 2024-25లో రూ.8,923 కోట్లకు పెరిగింది. రెండేళ్లలో దాదాపు పది రెట్ల పెరుగుదల అన్నమాట. 2024-25 నికర లాభం సుమారు రూ.447 కోట్లు. 2024 జూన్‌లో షేరు ధర రూ.1,400 దాటింది.

2025 జులై 14న వెలువడిన ఏప్రిల్-జూన్ ఫలితాల్లో త్రైమాసిక ఆదాయం రూ.202 కోట్లు మాత్రమే. అంతకు ముందు ఏడాది ఇదే కాలంలో అది రూ.1,563 కోట్లు. రూ.77 కోట్ల లాభం ఉన్న చోట రూ.194 కోట్ల నష్టం నమోదైంది. సంస్థ ఉత్పత్తులు ఒక్కసారిగా పనికిరానివి కాలేదు. పోటీదారు ఎవరూ మార్కెట్‌ను లాక్కోలేదు. లక్ష టవర్ల సరఫరా దాదాపు ముగిసింది, తరువాతి ఆర్డరు ఆలస్యమైంది. మరో 18,685 టవర్లకు సంబంధించి మే నెలలో టీసీఎస్‌కు రూ.2,903 కోట్ల ముందస్తు ఆర్డరు వచ్చింది. అందులో తేజస్ వాటా సుమారు రూ.1,526 కోట్లు. అయితే ముందస్తు ఆర్డరు ప్రకటనకూ, వివరమైన కొనుగోలు ఆర్డరుకూ తేడా ఉంది. మొదటిది ఉద్దేశం తెలిపే పత్రం. రెండవది వస్తేనే సరుకు కదులుతుంది. ఆ ఏడాది ద్వితీయార్ధంలో షేరు ధర 2024 నాటి గరిష్ఠంలో సగానికి దిగువన కదలాడింది.

రెండు వర్గాలు, ఒకే అంకెలు

సంస్థ భవిష్యత్తు గురించి మదుపరులు రెండు వర్గాలుగా విడిపోయారు. ఇరువురి ముందున్న అంకెలు ఒకటే.

ఆశావహ వర్గం వాదన ఇలా సాగుతుంది. సొంత 4జీ సాంకేతికత గల దేశాలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కించదగినన్ని మాత్రమే. స్వీడన్, ఫిన్లాండ్, దక్షిణ కొరియా, చైనాల సరసన భారత్ చేరింది. 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధానమంత్రి ఈ స్వదేశీ జాలాన్ని జాతికి అంకితం చేశారు. సుమారు 97,500 టవర్లు, దాదాపు రూ.37,000 కోట్ల వ్యయం. ఇంత పెద్ద జాలాన్ని నడిపిన అనుభవం ఉన్న పరికరాలను ఆఫ్రికా, ఆసియా దేశాలకు అమ్మవచ్చు. అదే పరికరాలను 5జీకి మార్చవచ్చు. వెనుక టాటాల ఆర్థిక బలం ఉంది. 2021లో రూ.12,195 కోట్లతో ప్రకటించిన ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకం ప్రయోజనమూ ఉంది.

సందేహించే వర్గం ఇవేవీ కాదనదు. దాని ప్రశ్న వేరు. గిరాకీ నిజంగా వ్యాపారపరమైనదా, లేక బడ్జెట్ సృష్టించినదా? జియో, ఎయిర్‌టెల్ ఇప్పటికే తమ జాలాలను వేసుకున్నాయి. కొత్తగా లక్ష టవర్లు కొనగలిగినది దేశంలో ఒక్క బీఎస్‌ఎన్‌ఎల్ మాత్రమే. దాని చేతిలోని డబ్బు దాని సంపాదన కాదు. 2019లో సుమారు రూ.69,000 కోట్లు, 2022లో రూ.1.64 లక్షల కోట్లు, 2023లో రూ.89,047 కోట్లు చొప్పున కేంద్రం మూడు పునరుద్ధరణ ప్యాకేజీలు ప్రకటించింది. 2022 జులైలోనే మారుమూల గ్రామాలకు 4జీ కోసం రూ.26,316 కోట్ల మరో పథకం ఆమోదం పొందింది. 2025 ఫిబ్రవరిలో మరో రూ.6,982 కోట్లు మంజూరయ్యాయి. ప్యాకేజీ అంటే ప్రతి ఏటా తిరిగి వచ్చే ఆదాయం కాదు. ఒకసారి ఇచ్చి ఆపేది.

బీఎస్‌ఎన్‌ఎల్ సొంత కాళ్ల మీద నిలబడితే ఈ సందేహం కొంత తీరుతుంది. 2024-25 మూడో త్రైమాసికంలో అది రూ.262 కోట్ల లాభం ప్రకటించింది. 2007 తరువాత త్రైమాసిక లాభం రావడం అదే మొదటిసారి. నాలుగో త్రైమాసికంలోనూ రూ.280 కోట్ల లాభం వచ్చింది. ఆ వెంటనే 2025-26 మొదటి త్రైమాసికంలో రూ.1,049 కోట్ల నష్టం. రెండు వర్గాలూ తమకు నచ్చిన త్రైమాసికాన్ని ఎత్తి చూపడానికి ఇది చాలు.

ఆదాయం కంటే ముందు చూడవలసిన పద్దు మరొకటి ఉంది. అది రావలసిన బకాయిలు. తయారీ సంస్థ చిప్‌లు, విడిభాగాలు విదేశాల నుంచి డబ్బు కట్టి తెచ్చుకుంటుంది. సరుకు అందించి, టవరు మీద బిగించి, పరీక్షలు ముగిసి, ధ్రువీకరణ వచ్చాక గానీ కొనుగోలుదారు పూర్తి సొమ్ము చెల్లించడు. మధ్యకాలంలో అప్పు తెచ్చి నడపాలి, వడ్డీ కట్టాలి. అందుకే లాభం చూపిన ఏడాదిలోనే చేతిలో నగదు తగ్గిపోవచ్చు. లాభనష్టాల పట్టికను మాత్రమే చదివి షేరు కొన్నవారికి కనిపించనిది ఇదే.

ఈ వాదం భారత్‌కే పరిమితం కాదు. 2025 ఫిబ్రవరిలో అమెరికా రక్షణ శాఖ ఖర్చుల్లో కోత పెట్టనుందన్న వార్తతో సాఫ్ట్‌వేర్ సంస్థ పలంటీర్ షేరు ఒక్కరోజులో దాదాపు పది శాతం పడిపోయింది. అయితే పలంటీర్‌కు అమెరికాలో ప్రైవేటు వ్యాపారం కూడా గణనీయంగా ఉంది. తేజస్‌కు ఆ ఆసరా చాలా తక్కువ. ఈ తేడాను పక్కన పెట్టి రెండింటినీ పోల్చడం తగదు.

తెలుగు రాష్ట్రాల అనుభవం

రాజకీయం ఈ లెక్కలోకి ఎలా ప్రవేశిస్తుందో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన ఫైబర్‌నెట్ పథకం విద్యుత్ స్తంభాల మీదుగా ఇంటింటికీ ఫైబర్ తీసుకెళ్లాలని సంకల్పించింది. నెలకు రూ.149 ప్రాథమిక రుసుముతో మొదలైన ఈ సేవను 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. 2019లో ప్రభుత్వం మారింది. 2021లో టెండర్ల మీద సీఐడీ కేసు నమోదు చేసింది. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది. ఆరోపణల్లోని నిజానిజాలు తేల్చవలసినవి న్యాయస్థానాలు. పరికరాలు సరఫరా చేసిన సంస్థ కోణంలో మాత్రం ప్రశ్న ఒక్కటే: ఒక ప్రభుత్వం సంతకం చేసిన బిల్లును తరువాతి ప్రభుత్వం ఎప్పుడు చెల్లిస్తుంది?

కేంద్రంలో అలాంటి మార్పు 2014 తరువాత రాలేదు. ఆ స్థిరత్వం కారణంగానే భారత్‌నెట్‌కు 2023 ఆగస్టులో ఏకంగా రూ.1,39,579 కోట్లతో సవరించిన ప్రణాళిక ఆమోదం పొందగలిగింది. హైదరాబాద్‌కు చెందిన ఎన్‌సీసీ ఆ పథకంలో 2025 మార్చిలో రూ.10,804 కోట్ల విలువైన పనులు దక్కించుకుంది. హైదరాబాద్‌లో ఫైబర్ కర్మాగారం ఉన్న హెచ్‌ఎఫ్‌సీఎల్ వంటి సంస్థల షేర్లు కూడా ఇదే పథకం వార్తలతో కదులుతుంటాయి. భారత్‌నెట్ మొదటి రూపం 2011లో ఆమోదం పొందిందనీ, గడువులు పలుమార్లు మారాయనీ గుర్తుంచుకున్నవారు మాత్రం ఈ అంకెను సంవత్సరాలతో భాగించి చూస్తారు.

దీవుల వైపు నుంచి చూస్తే

మదుపరి అడిగే ప్రశ్న, ఖర్చు ఆగితే సంస్థ ఏమవుతుందని. డాలీగంజ్ వాసికి అదే ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. దేశం మొత్తం మీద నాలుగు లక్షలకు లోపు జనాభా ఉన్న, విడివిడిగా చెదిరిన దీవులకు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేయడం ఏ వాణిజ్య గణాంకంలోనూ గిట్టుబాటు కాదు. ఆ ఖర్చును వృథా వ్యయమని ఎవరైనా అంటే, గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేలో ఆన్‌లైన్ పరీక్ష రాసే విద్యార్థి అంగీకరించడు. అలాగని ఆ విద్యార్థి అవసరం ఒక షేరు ధరను ఎల్లకాలం నిలబెట్టలేదు. ప్రజాప్రయోజనం ఉన్న పథకమూ, మంచి పెట్టుబడీ ఒకటే కానక్కర్లేదు. స్వదేశీ అన్న మాట వినగానే ఈ రెంటినీ కలిపేయడం మార్కెట్ చర్చల్లో తరచుగా జరిగే పొరపాటు.

లక్షద్వీప్‌కు కొచ్చి నుంచి ఇలాంటి కేబుల్ 2024 జనవరిలో ప్రారంభమైంది. దానికీ నిధులిచ్చినది సార్వత్రిక సేవా నిధే. కేబుల్ ఒకసారి వేస్తే అయిపోయేది కాదు. ఓడల లంగర్లు, సముద్రగర్భ కదలికలు దానిని దెబ్బతీయవచ్చు. మరమ్మతుకు ప్రత్యేక నౌక కావాలి. చెన్నై కేబుల్ తెగిన రోజున దీవులకు మళ్లీ ఉపగ్రహమే ఆధారం.

2016 నాటి అంచనాలో చేర్చిన నిర్వహణ ఖర్చు ఐదేళ్లకు. సేవ మొదలైన తేదీ నుంచి లెక్కిస్తే ఆ ఐదేళ్లు 2025 ఆగస్టుతో నిండాయి. ఆపై ప్రతి ఏటా నిర్వహణకు అయ్యే ఖర్చు డిజిటల్ భారత్ నిధి నుంచి గానీ, కేబుల్‌ను వాడుకునే ఎయిర్‌టెల్, జియో వంటి సంస్థలు చెల్లించే అద్దె నుంచి గానీ, బీఎస్‌ఎన్‌ఎల్ సొంత ఖాతా నుంచి గానీ రావాలి. బెంగళూరు సంస్థ తదుపరి ఆర్డరు కోసం ఎదురు చూసేవారూ, డాలీగంజ్‌లో ఫోన్ చేతబట్టుకున్నవారూ ఫిబ్రవరి ఒకటిన టెలికాం శాఖ పద్దు కింద చూడవలసిన వరుసలు ఇవే: బీఎస్‌ఎన్‌ఎల్‌కు మూలధన సాయం ఎంత, డిజిటల్ భారత్ నిధికి కేటాయింపు ఎంత, అంతకు ముందు ఏడాది కేటాయించిన దానిలో నిజంగా ఖర్చయినది ఎంత.